మోటారుబండ్ల మార్పులు: చట్టమును, క్షేమమును

మోటారుబండ్లు గలవారు నలువురు కూడినచోట సంభాషణ మెల్లగా బండ్లమీదికి పోవుట మన పట్టణములలోను, పెద్ద గ్రామములలోను సామాన్యమైపోయినది. ఏ టైరు మన్నునో, దీపములకు కాంతి యెట్లు పెంచవచ్చునో, ముందు ఇనుపకమ్ములు బిగింపించిన మేలు కలుగునో లేదో ఒకరినొకరు అడిగి తెలిసికొనుచున్నారు. అనుభవజ్ఞుని మాట తోటివానికి వృథావ్యయమును తప్పించును. ఇట్టి పరస్పర సహాయము మెచ్చదగినదే. కాని యీ సలహాలలో చట్టసమ్మతమైన వెవ్వియో, ప్రాణహాని కలిగించున వెవ్వియో వేఱుపఱచి చెప్పువా రరుదు. ఆ కొఱతను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు మొదట నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రమున కెక్కిన వివరములకు భిన్నముగా బండిని మార్చుట కూడదు. కేరళనుండి వచ్చిన యొక వ్యాజ్యమున 2019 జనవరిలో సుప్రీముకోర్టువారు ఈ నియమమును దృఢపఱచిరి. ఆ సంవత్సరమే చట్టము సవరింపబడి 182ఏ సెక్షను చేరినది. అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలలవఱకు కారాగారము గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును.

అట్లని చట్టము తలుపులన్నియు మూసివేయలేదు. ఆమోదము పొందిన గ్యాసు పరికరములను అర్హతగల పనివారిచే అమర్పించుకొనవచ్చును. అనుమతి పొంది ఇంజను మార్పించుకొనవచ్చును. వికలాంగుల యవసరమునకు తగినట్లు బండిని సవరింపించుకొనవచ్చును. రంగు మార్చినను, ఇంధనము మార్చినను ఆ సంగతి పత్రమున కెక్కవలెను. బీమా సంఘమువారికిని తెలుపవలెను. పత్రమున నొకటియు బండిలో మఱియొకటియు నున్నచో, ప్రమాదము జరిగిన దినమున పరిహారమునకై యజమాని చిక్కులలో పడును.

బండికి ముందు బిగించు ఇనుపకమ్ముల సంగతి ముఖ్యముగా చెప్పవలసియున్నది. ఇవి 52వ సెక్షనునకు విరుద్ధములని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖవారు రాష్ట్రములకు వ్రాసిరి. పల్లెత్రోవలలో గేదెలు అడ్డము వచ్చునే, కమ్ములు లేకున్న నెట్లని మన భూస్వాములు ప్రశ్నింపవచ్చును. బండి ముందుభాగము నలిగి తాకిడి బలమును తాను మ్రింగునట్లు నిర్మింపబడియున్నది. గాలిసంచులు విప్పుకొను సమయమును ఆ నలుగుబాటు ననుసరించియే నిర్ణయించిరి. చట్రమునకు బిగించిన ఇనుపకమ్మి ఆ యేర్పాటునే తాఱుమాఱు చేయగలదు. లోపలివారికి రక్ష తగ్గును. ఎదుట కాలినడకను పోవు బీదవానికి గాయము పెరుగును. గేదెనుండి కాపాడునది మితమైన వేగమును, మంచి బ్రేకులును గాని కమ్మి కాదు.

ఇక అద్దముల విషయమున ప్రజలు గందరగోళములో నున్నారన్న నది వారి తప్పు కాదు. ముందువెనుక అద్దములలో నూటికి 70 వంతులును, ప్రక్క అద్దములలో 50 వంతులును వెలుతురు చొరబడవలెనని నియమము. 2012లో సుప్రీముకోర్టువారు నల్లని పొరలు అంటించుటను నిషేధించిరి. 2021లో సవరించిన నియమములను బట్టి, పరిమితికి లోబడిన పొరకు జుల్మానా వేయరాదని 2024లో కేరళ హైకోర్టువారు తీర్పు చెప్పిరి. నడిరోడ్డున బండి నాపిన పోలీసు ఏ మాట చెప్పునో సామాన్యున కెట్లు తెలియును?

మార్పులపై నున్న మోజులో సగమైనను పోషణమీద నుంచినచో ఎన్నియో ప్రాణములు నిలుచును. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నియమము. టైరులోని గాలిని ప్రయాణమునకు ముందు, చల్లగా నున్నపుడే చూడవలెను. రోహిణికార్తె యెండలో పరుగెత్తి వచ్చిన టైరు నిజము చెప్పదు. బ్రేకులకు వాడు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొని క్రమముగా శక్తి గోల్పోవును గనుక గడువు ప్రకారము మార్పింపవలెను. వేడెక్కిన రేడియేటరు మూతను తెఱవరాదు. ఈ పనులకు ఏ యనుమతియు నక్కఱలేదు.

ప్రభుత్వమువారికి మా మనవి మూడు మాటలు. అనుమతింపబడిన మార్పు లెవ్వియో, నిషిద్ధము లెవ్వియో సులభమైన తెలుగులో ముద్రించి ప్రతి రవాణా కార్యాలయమునందును ప్రకటింపవలెను. ప్రజల భాషలో లేని నియమమును మీఱితివని ప్రజలను దండించుట న్యాయము కాదు. రెండవది, నిషిద్ధవస్తువులను బహిరంగముగా నమ్ము అంగళ్ల నుపేక్షించి, కొన్నవానిని మాత్రమే పట్టుకొనుట మానవలెను. మూడవది, విజయవాడ ఆటోనగరువంటి చోట్ల చేతిపనిచే విద్య నేర్చిన మన మెకానిక్కులకు చట్టముయొక్క మర్మములను గూడ నేర్పవలెను. వారి నైపుణ్యము దేశమునకు ధనము.

పాఠకులకు మా మనవి యొక్కటే. మిత్రుడు సలహా చెప్పినపుడు, అది అందముగా నుండునా యని కాక, పత్రమున కెక్కునా, త్రోవను పోవువానికి హాని కలిగించునా యని ముందుగా నడుగుడు. బండి మీదే కావచ్చును. త్రోవ మాత్ర మందఱిది.