అదను, పదును

వాన కురిసిన మరునాడే గొర్రు కట్టు రైతు మా గుత్తి ప్రాంతమున కానరాడు. అతడు మొదట చేనిలోనికి పోయి, చేతితో మన్ను తవ్వి, తడి ఎంతలోతు దిగినదో చూచును. తడి చాలనిచో విత్తనము మొలకెత్తియు మాడిపోవును. అట్లని చాలినంత తడికొరకే కూర్చుండి కాలము దాటనిచ్చినచో, ఆపై ఎంత వాన కురిసినను పైరు పండదు. మొదటిది పదును, రెండవది అదను. ఈ రెంటి నడుమ నలుగుటయే మెట్టరైతు బ్రతుకు. 2020లో కరోనా వ్యాధి దేశమును కమ్మినపుడు కళాశాల క్రీడాకారులమైన మాకును ఇదే సంకటము ప్రాప్తించినది.

నేనప్పుడు డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచుంటిని. ఎనిమిదివందల మీటర్ల పరుగు నా పందెము. మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలిచిపోయినవి. అంతకు ముందే కళాశాల మూతపడినది. తెల్లవారుజామున కోటకొండ మెట్లపై చేయు అభ్యాసము ఇంటి మిద్దెమీది పదునెనిమిది అడుగులకు కుదించుకొనిపోయినది. మిద్దెమీద పరుగెత్తుచున్న నన్ను చూచి పొరుగింటి పెద్దమనిషి, "ఊరు ఊరంతా ప్రాణాలు అరచేత పట్టుకొని ఉంటే నీకు పరుగులేమిరా, నాయనా?" అని అడిగెను. ఆ ప్రశ్నలో తప్పు లేదు. అంటువ్యాధి యనగా నేమో మా ఊరికి తెలియనిది కాదు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణింపగా, తెచ్చి పూడ్చినది గుత్తిలోనే. ఆ పిమ్మటనే ఆయన అవశేషములు మద్రాసు చేరినవి. వ్యాధి గవర్నరును విడువలేదు. పరుగు పందెగానిని విడుచునా?

అయినను ఆ పెద్దమనిషికి నేను చెప్పదలచి చెప్పలేకపోయిన సమాధాన మొకటి కలదు. వర్తకుడు ఈ ఏడు పోయిన బేరము మరుసటి ఏడు చేసికొనవచ్చును. క్రీడాకారుని వయస్సు అట్టిది కాదు. విశ్వవిద్యాలయ విద్యార్థులకై ఏర్పడిన ఖేలో ఇండియా పోటీలు తొలిసారి 2020 ఫిబ్రవరిలో భువనేశ్వరమున ప్రారంభమైనవి. రెండవసారి జరిగినది 2022 ఏప్రిల్‌లో బెంగుళూరున. నడుమ గడచినది రెండేండ్లకు పైమాట. డిగ్రీ చదువు మూడేండ్లు! విశాఖపట్టణపు జ్యోతి యర్రాజి 2020 జనవరిలో మూడబిద్రి అంతర్విశ్వవిద్యాలయ పోటీలలో నూరుమీటర్ల హర్డిల్సును 13.03 సెకండ్లలో ముగించినది. నియమముల లోపముచే అది జాతీయ రికార్డుగా చెల్లలేదు. రికార్డు ఆమె పేర నిలుచుటకు 2022 మే వరకు వేచియుండవలసివచ్చెను. ఆ విలంబమునకు వ్యాధి యొక్కటే కారణమని నేననను. కాని ఆమెకు వేచియుండుటకు శిక్షణయు, చేయూతయు లభించినవి. లేనివారి సంగతి యేమి?

మా కళాశాలలో నాకంటె చక్కగా పరుగెత్తు అమ్మాయి ఒకతె యుండెను. కళాశాల మూతపడిన కాలముననే ఇంటివారు ఆమెకు పెండ్లి చేసిరి. మైదానము మరల తెరచునాటికి ఆమె అత్తవారింట ఉన్నది. పతకములు పోయినవారిని గూర్చి పత్రికలు వ్రాసినవి. పరుగే పోయినవారిని లెక్కించినవా రెవరు? ఆడపిల్లకు కళాశాల మైదానము ఆటస్థలము మాత్రమే కాదు. ఇంకొక రెండేండ్లు చదువుకొనుటకు ఇంటివారి యెదుట చూపదగిన కారణము కూడ.

ఇది అదనుమాట. ఇక పదును.

ఆటలు మరలి వచ్చినపుడు ఏ వరుసలో వచ్చినవో చూడుడు. 2020 సెప్టెంబరు 19న ఐ.పి.ఎల్. క్రికెట్టు అరబ్బు ఎమిరేట్లలో మొదలైనది. మన రాష్ట్రమున పాఠశాలలు, కళాశాలలు అంచెలంచెలుగ తెరచుట నవంబరు 2న గాని ప్రారంభము కాలేదు. ధనమున్న ఆట ముందు వచ్చినది. ఖర్చులేని ఆట వెనుక వచ్చినది. ఆ ధనముతో కట్టిన కోట సైతము నిలువలేదు. 2021లో స్వదేశమున అదే పోటీ, ఆటగాండ్రకు వ్యాధి సోకగా, మే 4న నడుమనే ఆగిపోయినది. ఒంటరిగా ఆరుబయట పరుగెత్తువాని వలన ఎవరికిని ముప్పు లేదు. నాలుగు గోడల నడుమకంటె తెరపిగాలిలో ఈ వ్యాధి సోకుట తక్కువ యని వైద్యులును చెప్పిరి. అట్టిచో పరుగుబాటకు తాళమేల?

మా తప్పును కూడ చెప్పుకొనవలెను. తాళము తీసిన వారములోనే మా మిత్రులు కబడ్డీ జట్లు కట్టిరి. కబడ్డీ యనగా ఎదుటివాని ముఖముపై ఊపిరి వదలుచు కూత పెట్టుటయే కదా! కూతగాడొకని ఇంట అవ్వ జ్వరపడి, మరల లేవలేదు. ఆ జబ్బు ఆటనుండియే వచ్చెనో, సంతనుండి వచ్చెనో ఎవ్వరును చెప్పజాలరు. కాని ఆనాటినుండి అతడు బరిలో అడుగు పెట్టలేదు. ప్రొ కబడ్డీ పోటీలు సైతము 2021 డిసెంబరులో గాని, అదియు ప్రేక్షకులు లేకుండ గాని, మరల జరుగలేదు. మాకు ఆ ఓపిక లేకపోయెను.

కావున నేను విన్నవించునది ఇది. ఆటలు మరల వచ్చుటకు వరుస ధనమునుబట్టి కాక, ఊపిరినిబట్టి యుండవలెను. దూరదూరముగ ఆడునవి ముందు, ఒంటికి ఒళ్లు తగులునవి పిదప. జట్టు బలమును కొలుచునపుడు అందలి మేటి ఆటగానిని కాదు, అతని ఇంటిలోని వృద్ధురాలిని లెక్కలోనికి తీసికొనవలెను. జబ్బుపడి లేచిన విద్యార్థిని మరునాడే పందెములో నిలుపరాదు. పోయిన కాలమును వయఃపరిమితిలో మినహాయింపవలెను. 2020 మార్చిలోనే అమెరికా కళాశాలల క్రీడాసంఘము వసంతకాలపు ఆటగాండ్రకు మరియొక సంవత్సరపు అర్హత నిచ్చినది. ఇది అసాధ్యము కాదనుటకు ఆ ఒక్క నిదర్శనము చాలును.

ఇన్‌ఫ్లుయెంజా లోకమును ఊచకోత కోసిన పిమ్మట, 1920లో ఆంట్వెర్ప్ ఒలింపిక్సు జరిగినవి. ఆ పోటీలకే టాటాల తోడ్పాటుతో భారతదేశపు తొలి జట్టు వెళ్లినది. 2020 వసంతమున బెంగుళూరు శిబిరమున చిక్కుబడిన మన మహిళా హాకీ క్రీడాకారిణులు వ్యాయామపు సవాళ్ల ద్వారా ఇరువది లక్షల రూపాయలు సేకరించి కష్టజీవులకై ఇచ్చిరి. మరుసటి ఏడు వారిలో పలువురు తామే వ్యాధిపాలై, కోలుకొని, టోక్యోలో నాల్గవ స్థానము పొందిరి. తోటివారి ప్రాణమును తలచిన ఆట ఏమియు కోల్పోదు.

ఉపాధ్యాయులారా, ఇట్టి విపత్తు మరల రాదని మీరుగాని నేనుగాని పూచీపడజాలము. వచ్చిననాడు మైదానపు తాళముచెవి మీ చేతనే యుండును. తీయుటకు ముందు మా రైతువలె ఒక్కసారి వంగి మన్ను తడిమి చూడుడు. తడియున్నదని తెలిసిన పిమ్మట మాత్రము, మరియొక నాడని జాగు చేయకుడు. విత్తనము మీ చేతిలో ముదిరిపోవుచున్నది.