కాలేయ శస్త్రచికిత్స: మాయాచిత్రం, మానవ వివేకం

ఉర్దూ కవులు ధైర్యానికి, ప్రేమవేదనకు నిలయంగా ‘జిగర్’ను పేర్కొంటారు. ఆ మాటకు అర్థం కాలేయం. వైద్యుని దృష్టిలోనూ అది గౌరవింపదగిన అవయవమే. దానినిండా రక్తనాళాలే గనుక దానిపై కత్తి పెట్టడం కఠిన పరీక్ష. ఫ్రెంచి వైద్యుడు క్లోద్ కూయినో 1957లో రక్తనాళాల ననుసరించి దానిని ఎనిమిది ఖండాలుగా విభజించి చూపాడు. కాని ఆ సరిహద్దులు పైకి కనబడవు.

ఈ కొరత తీర్చడానికే నేడు వర్చువల్ రియాలిటీ, ఆగ్మెంటెడ్ రియాలిటీ అనే పద్ధతులు వచ్చాయి. సి.టి. స్కాన్ చిత్రాల ఆధారంగా కంప్యూటరు రోగి కాలేయపు నమూనాను నిర్మిస్తుంది. మొదటి పద్ధతిలో వైద్యుడు ప్రత్యేకమైన కళ్లద్దాలు ధరించి, ఆ నమూనాను అన్నివైపులా పరిశీలించి, ఎక్కడ కోయాలో, ఎంత మిగల్చాలో ముందే నిర్ణయించుకొంటాడు. రెండవ పద్ధతిలో శస్త్రచికిత్స వేళ ఆ చిత్రం నిజమైన కాలేయంపై పరచినట్లు కనబడుతుంది.

ఇది అద్భుతమే. అయితే కాలేయం ఎముకవలె స్థిరమైనది కాదు. శ్వాసతో కదులుతుంది, చేతితో జరిపితే ఆకారం మారుతుంది. స్కాన్‌నాటి చిత్రానికీ కోతనాటి అవయవానికీ స్వల్ప భేదం వచ్చినా ప్రాణాపాయం కలుగవచ్చు.

నూతన పద్ధతులపై అతివిశ్వాసం ఎట్టిదో మన జంటనగరాల చరిత్రే చెబుతుంది. 1888, 1889లలో నిజాం ప్రభుత్వ పోషణలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో రెండు క్లోరోఫామ్ కమిషన్లు నడిపి, శ్వాసను గమనిస్తే చాలునని, గుండెకు నేరుగా ప్రమాదం లేదని వాదించాడు. 1911లో డాక్టర్ లెవీ చేసిన ప్రయోగాలు క్లోరోఫామ్ గుండెను హఠాత్తుగా ఆపగలదని నిరూపించాయి. పరిశోధనకు పూనుకొనడం ఘనకార్యమే. సందేహానికి తలుపు మూయడమే దోషం.

కనుక ఈ సాధనాలకు తొలిస్థానం శిక్షణశాలలో ఉండాలని నా అభిప్రాయం. అక్కడ విద్యార్థి ఎన్నిసార్లు పొరబడినా రక్తం చిందదు. శస్త్రచికిత్స గదిలో అవి సలహాదారులు మాత్రమే. తుదితీర్పు అనుభవజ్ఞుని కంటిది, చేతిది.

మరొక విషయం. ఆ చిత్రాన్ని రోగికి, తన కాలేయంలో భాగమిచ్చే దాతకు కూడ చూపి, ఉర్దూలోనో తెలుగులోనో వివరించాలి. అర్థంకాని కాగితంపై వేయించిన వేలిముద్ర సమ్మతి అనిపించుకోదు. మారేడ్‌పల్లిలో ఈ రెండు భాషలూ ఒకే ప్రాంగణంలో చదువుకొంటున్న మన విద్యార్థులు అట్టి వివరణలను సులభశైలిలో వ్రాయగలరు. వైద్యుల పర్యవేక్షణలో ఈ కార్యానికి పూనుకొనే అవకాశం కల్పించవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాను.