కరిగిపోతున్న దీనారాలు

వై.ఎన్.హొసకోట చుట్టుపక్కల చేలల్లో నాగలికి పాత కుండ ఒకటి తగిలిందనుకుందాం. దొరికినవాడికి ఇరుగుపొరుగు చెప్పే మొదటి మాట ‘ఎవరికీ చెప్పొద్దు’ అనే. రెండో మాట కంసాలి పేరో, పాత నాణేలు కొనే బేరగాడి పేరో అయి ఉంటుంది. డీసీ ఆఫీసు మాట ఎవరి నోటా రాదు. తప్పంతా రైతుదేనని తేల్చేయడం సులువే. కానీ అతణ్ని అటు నెడుతున్నది చట్టమే.

రెండువేల ఏళ్ల కిందట రోమ్ చక్రవర్తుల వెండి దీనారాలు ఈ మెట్ట సీమ దాకా వచ్చాయి. మిరియాలకు, రత్నాలకు, నూలుబట్టలకు బదులుగా వచ్చిన సొమ్ము అది. మగ్గాల ఊరికి ఇందులో వింతేమీ లేదు. ఇండియా ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు లాగేస్తోందని రోమన్ రచయిత ప్లీనీ అప్పట్లోనే వాపోయాడు. బెంగళూరు యశ్వంతపురంలో 1891లో 163 దీనారాలు, హెచ్.ఎ.ఎల్. ప్రాంతంలో 1965లో 256 దొరికాయి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో ఏకంగా 1,531. వీటిలో ఎక్కువ భాగం అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవే.

ఇవి మ్యూజియాలకు చేరినవి. చేరనివాటి కథ నెల్లూరు చెబుతుంది. 1780వ దశకంలో అక్కడ ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం అడ్డం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు పూనుకుంటే ముప్పైకి పైగా మాత్రం మిగిలాయి. ఎన్ని పోయాయో చెప్పే దారి లేదు.

కరిగితే పోయేది లోహం కాదు. పావగడ నుంచి చళ్ళకెరె మీదుగా పోతే చిత్రదుర్గం, దాని పక్కనే చంద్రవల్లి. 1947లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వించినప్పుడు టైబీరియస్ దీనారం బయటపడింది. ఆ చక్రవర్తి ఏలింది క్రీ.శ. 14 నుంచి 37 వరకు. కాబట్టి నాణెం ఉన్న పొర అంతకంటే పాతది కావడానికి వీల్లేదు. ఆ ఒక్క ఆధారంతో చుట్టూ ఉన్న కుండపెంకులకు, శాతవాహనుల కాలానికి లెక్క కుదిరింది. అదే నాణెం బేరగాడి సంచిలో ఉంటే నాలుగు గ్రాములు కూడా తూగని వెండి ముక్క, అంతే.

ఇప్పుడు చట్టం సంగతి. సరిహద్దుకు అవతల 1878 నాటి నిధుల చట్టం ఉంది. పది రూపాయలు మించిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాస్తే ఏడాది దాకా జైలు. కర్ణాటక 1962లో సొంత చట్టం చేసుకుంది. ఇక్కడా దొరికింది డీసీకి చెప్పి తీరాలి. భయపెట్టడం వరకు బాగానే ఉంది. ఇచ్చేదేమిటి? 1878 చట్టం ప్రకారం సర్కారు నిధిని తీసుకుంటే లోహం విలువ, పైన దానిలో ఐదో వంతు. చరిత్రకు దక్కే వెల ఆ ఐదో వంతే అన్నమాట! ఒక్క దీనారం దొరికినవాడు జిల్లా కేంద్రం చుట్టూ రెండు రోజులు తిరిగితే కూలి డబ్బులకే సరి. బేరగాడైతే ఇంటికొచ్చి అంతకు ఎన్నో రెట్లు లెక్కపెట్టి పోతాడు. బ్రిటన్ 1996లో తన చట్టం మార్చుకుని, మ్యూజియం తీసుకున్న నిధికి మార్కెట్ ధర కట్టిస్తోంది.

నాణేలు సేకరించేవాళ్లూ ఆలోచించాలి. సేకరణ తప్పు కాదు. చాలా నాణేల మీది రాతను చదివి పెట్టింది సేకర్తలే. అయితే నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు. అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి. ప్రైవేటు వ్యక్తి దాన్ని దేశం దాటించకూడదు. ‘ఎక్కడ దొరికింది?’ అని అడిగితే బేరగాడు నీళ్లు నములుతున్నాడంటే ఆ నాణెం దొంగదైనా అయి ఉండాలి, నకిలీదైనా అయి ఉండాలి. నకిలీలకు ఇప్పుడు కొదవ లేదు.

రెండు రాష్ట్రాలూ లోహపు లెక్క వదిలి మార్కెట్ ధర కట్టాలి. అంతవరకు కనీసం పావగడ తాలూకా కచేరీలోనే, అటు మడకశిర, కళ్యాణదుర్గంలలోనూ నాణెం అప్పగించే వీలుండాలి. తూకం వేసి, రెండు వైపులా ఫొటో తీసి, ఏ సర్వే నంబరులో ఎంత లోతున దొరికిందో రాసుకోవాలి. అక్కడికక్కడే రశీదు చేతికివ్వాలి. ఆ రశీదు కన్నడంతో పాటు తెలుగులోనూ ఉండాలి.