గాలికి సుడి తిప్పితే...

వేడి చాయ్‌ని సాసర్‌లో పోసుకుని ఊదుతాం. మన నోటి గాలి చల్లగా ఉంటుందనా? అదీ ఒంటి వేడితోనే వస్తుంది. చాయ్ మీద ఆవిరితో నిండి కదలకుండా కూర్చున్న గాలి పొరను తోసేయడమే ఊదడంలోని కిటుకు. ఇలాంటి మొండి పొరే ట్రాక్టర్ రేడియేటర్‌నూ, ఇంట్లో ఏసీనీ, చక్కెర ఫ్యాక్టరీనీ సతాయిస్తుంది.

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్స్‌కు ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2015 డిసెంబరులో అది మూతపడింది. అక్కడ పనిచేసిన వాళ్లని అడగండి, ఆవిరి విలువ చెబుతారు. యంత్రంలోంచి వచ్చిన చక్కెర ఇంకా తడిగానే ఉంటుంది. వేడిగాలితో ఆరబెట్టకపోతే బస్తాలో గడ్డకడుతుంది. ఆ గాలిని వేడెక్కించడానికి ఆవిరి గొట్టాలుంటాయి. ఆవిరి కోసం చెరకు పిప్పిని మండిస్తారు. పిప్పి మిగిలితే కరెంటు తయారుచేసి అమ్ముకోవచ్చు. అంటే ఇక్కడ వేడి వృథా అయితే డబ్బు వృథా అయినట్టే!

గొట్టం లోపలి ఆవిరి తన వేడిని ఇట్టే ఇచ్చేస్తుంది. పుచ్చుకోవడంలోనే గాలికి బద్ధకం. వేడిని తనలోంచి పోనివ్వడంలో అది నీటికన్నా ఇరవై రెట్లకు పైగా వెనకబడి ఉంది. అందుకే గొట్టాలకు ఫిన్స్ అనే పల్చటి లోహపు రెక్కలు దగ్గరదగ్గరగా తొడుగుతారు. అయినా ప్రతి రెక్కనూ అంటుకుని ఆ పొర ఉండనే ఉంటుంది. పైగా గొట్టం వెనక ఇంకో తంటా. కందకుర్తి దగ్గర గోదావరి వంతెన స్తంభాల వెనక చూడండి... నీళ్లు అక్కడక్కడే తారట్లాడుతుంటాయి. గొట్టం వెనక గాలీ అంతే. అక్కడ రెక్క ఉన్నా లేనట్టే.

ఫ్యాన్ వేగం పెంచొచ్చుగా అంటారా? గాలి రెట్టింపు కావాలంటే ఫ్యాన్‌కి దాదాపు ఎనిమిది రెట్ల కరెంటు కావాలి!

ఇంజినీర్లు వేరే దారి పట్టారు. రెక్క మీదే చిన్న త్రిభుజం ముక్కను కత్తిరించి, గాలికి ఏటవాలుగా నిలబెట్టారు. దాని అంచు దాటిన గాలి మరమేకులా మెలి తిరుగుతూ ముందుకు సాగుతుంది. పైనున్న చల్లగాలిని రెక్క దగ్గరికి లాగి, అంటుకున్న పొరను లేపేస్తుంది. దీని పేరు వోర్టెక్స్ జనరేటర్. మొదట 1940ల్లో విమానం రెక్కల కోసం పుట్టింది.

జర్మనీలోని బోఖుమ్‌లో మార్టిన్ ఫీబిగ్ బృందం 1993లో ప్రచురించిన ప్రయోగాల్లో, వరసగా అమర్చిన గొట్టాల దగ్గర వేడి మార్పిడి 55 నుంచి 65 శాతం పెరిగింది. గాలికి అడ్డు కూడా 20 నుంచి 45 శాతం పెరిగింది మరి! ఊరికే ఏదీ రాదు కదా. ఆయనతో కలిసి పనిచేసిన మనవాడు, ఐఐటీ కాన్పూర్‌కి చెందిన గౌతమ్ బిశ్వాస్, ఈ సుడుల లెక్కలు తేల్చిన వారిలో ముఖ్యుడు.

అసలు తమాషా జపాన్‌లో జరిగింది. యోకొహామాలో టోరీ బృందం ఆ ముక్కల్ని గొట్టం పక్కన, గాలిని వెనకవైపుకి నెట్టేలా తిప్పి పెట్టింది. వెనక నిలిచిపోయే గాలి తగ్గిపోయింది. 2002లో ఇచ్చిన ఫలితాల్లో, ఒకదాని సందులోకి మరొకటి వచ్చేలా అమర్చిన గొట్టాలకు వేడి మార్పిడి 10 నుంచి 30 శాతం పెరిగింది. గాలికి అడ్డు 34 నుంచి 55 శాతం తగ్గింది! అయితే ఇది నెమ్మదిగా వీచే గాలిలో చేసిన పరీక్ష. అన్ని వేగాలకీ ఇంతే లాభం రాదు.

ఇంకోమాట. ప్రయోగశాల గాలి శుభ్రంగా ఉంటుంది. చెరకు పొలాల్లో, పిప్పి గుట్టల పక్కన అలా ఉండదు. ఆ బుల్లి ముక్కలకు నారా దుమ్మూ పట్టేస్తే సుడి తిరగడం అటుంచి, దారే మూసుకుపోతుంది. మీ ఏసీ బయటి యూనిట్‌కీ ఇదే బాధ. ఎండాకాలం రాకముందే మెయిన్ ఆపేసి, రెక్కలు వంగకుండా మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. ఆ పని చేస్తూ టార్చి వేసి దగ్గరగా చూడండి... చాలా ఏసీల రెక్కల మీద సన్నటి గాట్లు కనిపిస్తాయి. అవీ ఆ పొరను చీల్చడానికి పెట్టినవే.