లైటు తీసేస్తే బిల్లు తగ్గుతుందా?

"గదిలోంచి వచ్చేటప్పుడు లైటు తీసెయ్యి, కరెంటు కాలిపోతోంది" అన్న మాట వినకుండా పెరిగిన తెలుగువాడు ఉండడు. ఆవకాయ జాడీతో బాటు ఆ మాట కూడా మనతో సముద్రాలు దాటి వచ్చేసింది. ఇప్పుడు మనం దాన్ని మన పిల్లల మీద ప్రయోగిస్తున్నాం. ఆ మాట తప్పని నేననను. అది వేరే ఇంటికోసం రాసిన సూత్రం అని మాత్రం అంటాను. ఇల్లు మారింది, సూత్రం మారలేదు. అదీ ఈసారి నా వాదం.

1980ల నాటి ఒక మామూలు మధ్య తరగతి ఇల్లు తీసుకోండి. మూడు 60 వాట్ల బల్బులు, ఒక 75 వాట్ల ఫాను. అన్నీ కలిపి 255 వాట్లు. అందులో ఒక బల్బు తీసేస్తే ఆ క్షణాన ఇంటి వాడకంలో దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. నాన్నగారి కేకలో లెక్క ఉంది!

ఇప్పుడు అమెరికాలో మన ఇంటికి రండి. 2022 లెక్కల ప్రకారం ఇక్కడ ఒక్కో ఇల్లు సగటున నెలకి 900 యూనిట్ల దాకా వాడింది. (యూనిట్ అంటే కిలోవాట్-అవర్, బిల్లులో కనిపించేది అదే.) ఒక 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుని రోజూ 5 గంటలు అనవసరంగా వెలగనిస్తే నెలకి 1.35 యూనిట్లు. 900లో 1.35 ఎంతో మీరే చూసుకోండి. పిల్లవాడి మీద నెలంతా అరిచి మనం ఆదా చేసేది 20 సెంట్ల చిల్లర. కొండను తవ్వి ఎలకని పట్టడమంటే ఇదే.

1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పిన సూత్రం మనలో చాలామంది చదువుకున్నదే. ప్రోగ్రాములో ఒక భాగాన్ని ఎంత వేగవంతం చేసినా, మొత్తం మీద కలిసొచ్చే సమయం ఆ భాగం అసలు తింటున్న సమయాన్ని మించదు. ఆఫీసులో ఎవరైనా ప్రొఫైలరు నడపకుండా, ఊహ మీద ఆధారపడి కోడు దిద్దుతానంటే మనం ఒప్పుకోం. ఇంటికొచ్చేసరికి మాత్రం ఆ పనే చేస్తాం.

కాబట్టి ముందు కరెంటు ఎక్కడ పోతోందో చూద్దాం. 2024లో అమెరికా సగటు ధర యూనిట్‌కి 16 సెంట్లు దాటింది. లెక్క తేలిక కావడానికి 16 అనే అనుకుందాం. కాలిఫోర్నియాలో కొన్నిచోట్ల 40 సెంట్లు కూడా దాటింది కనుక అక్కడివాళ్ళు ఈ అంకెల్ని రెండున్నరతో హెచ్చవేసుకోవచ్చు.

మొదటి సంగతి: మోత చేసేదల్లా కరెంటు తినేది కాదు. 750 వాట్ల మిక్సీ రోజుకి 5 నిమిషాలు తిరిగితే ఏడాదికి సుమారు 23 యూనిట్లు. మూలన నోరు మూసుకుని కూర్చున్న 10 వాట్ల ఇంటర్నెట్ రౌటరు ఏడాదికి 88 యూనిట్లు. మిక్సీకి నాలుగింతలు! బిల్లుకి కావలసింది వాట్లు ఒక్కటే కాదు, వాట్లని గంటలతో హెచ్చవేయగా వచ్చిన లబ్ధం.

రెండో సంగతి: వేడి చెయ్యడం చాలా ఖరీదైన పని. వెలుతురికీ, లెక్కలు కట్టడానికీ అయ్యే ఖర్చు దాని ముందు బలాదూరు. ఒక స్నానానికి 60 లీటర్ల నీటిని 30 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కించాలంటే సుమారు 2.1 యూనిట్లు కావాలి. (ఇది కరెంటు హీటరున్న ఇంటి మాట. గ్యాసు హీటరైతే ఆ ఖర్చు గ్యాసు బిల్లులో ఉంటుంది.) ఒక సెల్‌ఫోను పూర్తిగా చార్జి కావడానికి నష్టాలతో సహా 0.02 యూనిట్ అనుకుంటే, ఒక్క స్నానం కరెంటుతో ఆ ఫోను వంద రోజులు నడుస్తుంది. ప్లగ్గులోంచి చార్జరు పీకడం మంచి అలవాటే కాని, స్నానంలో రెండు నిమిషాలు తగ్గించడం అంతకంటే ఎన్నో రెట్లు మంచి అలవాటు.

బట్టలారబెట్టే డ్రయ్యరుదీ ఇదే వరస. కరెంటు డ్రయ్యరు ఒక వాయికి సుమారు 3 యూనిట్లు తింటుంది. వారానికి 5 వాయిలు వేసే ఇంట్లో ఏడాదికి 780 యూనిట్లు, అంటే 125 డాలర్లు. ఎండ ఉన్నంత కాలం దండెం మీద ఆరేస్తే సగం మిగుల్తుంది. చుట్టుపక్కల వాళ్ళు ఏమనుకుంటారో అని జంకక్కరలేదు. పెరట్లో దండెం కట్టుకోనివ్వాలని కాలిఫోర్నియా 2015లో ఏకంగా చట్టమే చేసింది. మరికొన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. దండెం కుదరకపోతే వాషరులో ఆఖరి పిండుడు వేగం పెంచండి. నీటిని పిండి తీసెయ్యడానికయ్యే కరెంటు, ఆవిరి చెయ్యడానికయ్యే దాంట్లో చిన్న వంతు.

చలికాలంలో అమ్మే చిన్న హీటర్ల ప్రకటనలు చూసి మోసపోకండి. 1500 వాట్ల హీటరు ఏ పేరుతో, ఏ ధరకి అమ్మినా 1500 వాట్ల వేడే ఇస్తుంది. రోజుకి 8 గంటలు వేస్తే 12 యూనిట్లు, నెలకి 58 డాలర్లు.

ఇక చల్లదనం. సీలింగు ఫాను గదిని చల్లబరచదు, మనిషిని చల్లబరుస్తుంది. ఫాను తిరుగుతుంటే థర్మోస్టాట్‌ని 4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పైకి జరిపినా హాయి తగ్గదని అమెరికా ఇంధన శాఖ చెప్తుంది. ఎ.సి. లాగే కిలోవాట్ల పక్కన ఫాను లాగేది చాలా తక్కువ. ఎవరూ లేని గదిలో లైటు కంటే ముందు తియ్యవలసింది ఫానే.

మరి మన ఇంట్లో ఏది ఎంత తింటోందో తెలిసేదెలా? గోడ ప్లగ్గుకీ ఉపకరణానికీ మధ్య పెట్టే "కిల్ ఎ వాట్" లాంటి మీటరు ఒకటి కొనుక్కోండి. ఫ్రిజ్, టీవీ, కంప్యూటరు లాంటివి తేలిపోతాయి. అయితే ఇక్కడ డ్రయ్యరు, పెద్ద ఎ.సి., నీళ్ళ హీటరు 240 వోల్టుల మీద నడుస్తాయి కనుక అవి ఈ మీటరుకి అందవు. వాటికోసం స్మార్ట్ మీటరు ఉంది. 2012లో మొదలైన "గ్రీన్ బటన్" పద్ధతి పుణ్యమా అని చాలా కరెంటు కంపెనీలు మన గంటగంటల వాడకాన్ని ఫైలుగా దింపుకోనిస్తున్నాయి. మనకింకేం కావాలి!

ఆ ఫైలులో అందరూ నిద్రపోయే వేళ, తెల్లవారుజాము 3 నుంచి 4 దాకా చూడండి. ఎ.సి., హీటరు అక్కరలేని నెలలో చూస్తే మంచిది. ఆ గంటలో 0.3 యూనిట్ కనబడిందనుకోండి. అంటే మీరు ఏమీ చెయ్యకపోయినా ఇల్లు 300 వాట్లు లాగుతోంది. ఏడాదికి 2,628 యూనిట్లు, 420 డాలర్లు. అందులో ఫ్రిజ్ వాటా ఎటూ తప్పదు. గరాజ్‌లో సగం ఖాళీగా ఉన్న రెండో పాత ఫ్రిజ్, ఎప్పుడూ మెలకువగా ఉండే టీవీ పెట్టె, ఎప్పుడో ఇంట్లో పెట్టుకుని మరిచిపోయిన సర్వరు మాత్రం తప్పేవే. చిల్లుకుండకి నీళ్ళు పొయ్యడం ఆపాలంటే చిల్లు ఎక్కడో ముందు తెలియాలి కదా.

వేళని బట్టి ధర మారే చోట ఇంకో చిట్కా. కాలిఫోర్నియాలో చాలామందికి సాయంత్రం 4 నుంచి 9 దాకా ధర ఎక్కువ. డిష్‌వాషరు మీద "డిలే స్టార్ట్" అనే బటన్ ఉంటుంది, ఎవరూ నొక్కరు. క్రాన్ జాబులు రాసే మనం దాన్ని వాడకపోవడం విడ్డూరం. యూనిట్లు తగ్గవు కాని డాలర్లు తగ్గుతాయి.

"మన జీతాలకి నెలకి ముప్ఫై డాలర్లు ఒక లెక్కా?" అని మీరు అడగొచ్చు. డబ్బు సంగతి పక్కన పెడదాం. తప్పుడు లెక్క వల్ల అవస్థ పడేది మన ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు. మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు పిండి గ్రైండరు వెయ్యడానికి సంకోచించేది, ఆ మోతకి బిల్లు ఎంత పెరుగుతుందోనని. 150 వాట్ల గ్రైండరు అరగంట తిరిగితే ఖర్చు ఒక సెంటు పైచిలుకు. అదే అమ్మ, 68 డిగ్రీల ఎ.సి.లో శాలువా కప్పుకుని ముడుచుకుని కూర్చునేది. థర్మోస్టాట్ ముట్టుకుంటే ఏం పాడవుతుందోనని భయం. ఎ.సి. నాలుగు డిగ్రీలు పెంచితే ఆవిడకి హాయి, మనకి ఆదా. ఇలా రెండూ ఒకేవైపు మొగ్గే సందర్భాలు ఇంజనీర్లకి అరుదుగా దొరుకుతాయి!

ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకి కొనిపెట్టే వస్తువుల విషయంలోనూ ఇదే లెక్క. అక్కడ శ్లాబుల పద్ధతి కనుక పై శ్లాబులో తగ్గిన యూనిట్‌కి విలువెక్కువ. రోజుకి 15 గంటలు తిరిగే 75 వాట్ల ఫాను తీసేసి 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫాను పెడితే నెలకి 20 యూనిట్లు మిగుల్తాయి. ఇక్కణ్ణుంచి ఫోనులో "కరెంటు జాగ్రత్త" అని చెప్పేకంటే ఆ ఫాను బిగించి పెట్టడం మేలు.

పొదుపు మన పెద్దలు ఇచ్చిన మంచి గుణం. దాన్ని వదులుకోమని నేను చెప్పడం లేదు. వాళ్ళు వాళ్ళ ఇంటిని చూసి సూత్రం రాసుకున్నారు. మనం మన ఇంటిని కొలిచి మన సూత్రం రాసుకుందాం. లైటు కూడా తీసేద్దాం, కాని పిల్లల మీద అరవకుండా. ఏమంటారు?