పాత సీ.డీ. యంత్రమును పారవేయవలెనా?

మన పాఠశాల సంగీతపు గదిలో కిటికీ ప్రక్కనున్న బల్లపై నొక నల్లని సీ.డీ. యంత్రము గలదు. 1992వ సంవత్సరమున నొక పూర్వవిద్యార్థి దానిని బహూకరించెను. గత వేసవి సెలవులకు ముందు అది యెడమ ప్రక్క స్పీకరులో గరగరలాడుట మొదలుపెట్టి, కొన్ని దినములకు ఆ ప్రక్క పూర్తిగా మూగవోయెను. బాగుచేయువానికి చూపగా, “దీనికి కాలము తీరినదండీ, పాత సామానువానికి వేసి క్రొత్తది కొనుక్కొనుడు” అని చెప్పి పంపెను. ఉపాధ్యాయుల సమావేశమునందును పెక్కుమంది యీ మాటనే బలపరచిరి. నేను మాత్ర మొప్పుకొనలేదు. ఏల యొప్పుకొనలేదో చదువరులకు విన్నవించుకొనుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఆ యంత్రము ప్రక్కనున్న బీరువాలో నూటికి పైగా డిస్కులున్నవి. వానిలో నధికభాగ మంగడిలో కొన్నవి. పోయినను మరల సంపాదింపవచ్చును. కాని 2001వ సంవత్సరపు వార్షికోత్సవమున మన బాలబాలికలు చదివిన పద్యములును పాడిన పాటలును గల డిస్కు ఒక్కటియే యున్నది. అందు మొదటి పద్యము నెత్తుకొన్న తెలుగు పండితులుగారు నేడు మన మధ్య లేరు. వారి వెనుక నిలిచి పాడిన పిల్లలలో కొందరి బిడ్డలు ఇప్పుడు మన తరగతులలో కూర్చుండి చదువుకొనుచున్నారు.

కంప్యూటరులోనికి ప్రతి తీసికొనవచ్చును గదా యందురు. తీసికొనవలసినదే, ఒకటి కాదు, రెండు ప్రతులు తీసికొనవలెను. ఇంటిలో వ్రాసికొనెడు డిస్కులపై నుండు రంగుపొర కాలక్రమమున చెడిపోవును. అయినను ప్రతి తీసితిమి గనుక యంత్రమును పారవేయుదమనుట, దస్తావేజునకు నకలు వ్రాయించితిమి గనుక భోషాణమును పగులగొట్టుదమనుటవంటిది.

ఇక అసలు సంగతి. సీ.డీ. యంత్రము ఒకే యంత్రమని మన మనుకొందుము గాని, ఆ పెట్టెలో నిద్దరు పనివారున్నారు. మొదటివాడు చదువరి. డిస్కుపై లోపలినుండి వెలుపలికి చుట్టలు చుట్టుకొని పోవు సన్నని దారి యొకటి గలదు. దానిని విప్పి సాగదీసిన అయిదు కిలోమీటర్లకు మించును. ఆ దారిపైనున్న గుంటలను లేసరు కిరణము తడిమి చదువుచు పోవును. ఆ చదివినదంతయు అంకెలే. సెకనునకు 44,100 మారులు, కుడి యెడమలకు వేర్వేరుగ, ధ్వని యెంత యెత్తున నున్నదో 65,536 మెట్లలో నేదో యొక మెట్టుగా గుర్తించి వ్రాసిన లెక్కలవి. రెండవవాడు ఈ యంకెలను మరల విద్యుత్తరంగముగా మార్చి ధ్వనివర్ధకమునకు పంపువాడు. వీనికే డిజిటలు-అనలాగు పరివర్తకమని పేరు. వాడుకలో ‘డాక్’ అందురు.

గీతలు పడిన డిస్కులు కూడ చక్కగా పాడుట కందరు నాశ్చర్యపడుదురు. అది మొదటి పనివాని ప్రజ్ఞ. 1960లో రీడ్, సాలమన్ అను నిద్దరు గణితజ్ఞులు కనిపెట్టిన సంకేతవిధానమునుబట్టి, చెరిగిపోయిన యంకెలను చుట్టునున్న యంకెలనుండి తిరిగి లెక్కకట్టుదురు. ఈ దిద్దుబాటు జరిగినంతవరకు, ముప్పదియేండ్లనాటి యంత్రము చదివిన యంకెలకును నిన్న కొన్న యంత్రము చదివిన యంకెలకును భేదము లేదు. గీత మరీ లోతైన యెడల మాత్రము యంత్రము ఊహించి పూరించును. అప్పటికిని కుదరనిచో తడబడును. కనుక పాతదని చదువరిని చిన్నచూపు చూడరాదు. లేసరు ఆరోగ్యముగ నున్న యెడల వాని పని యింకను నిక్కమే.

వయస్సు మీదపడునది సాధారణముగ రెండవవానికిని వాని పరివారమునకును. ధ్వనిని వెలికి పంపు మార్గమున రిలే యను చిన్న విద్యుత్ మీట యుండును. దాని ముఖములు కిలుము పట్టిన స్వరము తెగిపోవును. కెపాసిటరులలోని ద్రవము ఎండిపోవును. మన యంత్రమునకు పట్టిన రోగము కూడ ఈ కోవలోనిదే. దానిని విప్పి బాగుచేయుట నేర్పరికి కష్టము గాదు, కాని మనయూర నట్టి నేర్పరి దొరకలేదు. అదృష్టవశమున దాని వీపున డిజిటలు ద్వార మొకటి యున్నది. అనగా రెండవ పనివానిని ప్రక్కకు తప్పించి, మొదటివాడు చదివిన యంకెలనే వెలికి తీసికొని, వేరొక డాక్‌నకు అప్పగింపవచ్చును.

ఇది క్రొత్త యుక్తి కాదు. 1982 అక్టోబరులో జపానున సోనీవారు తమ మొదటి యంత్రమును విక్రయించినప్పుడు, డాక్ ఎంత ప్రియమైన వస్తువో యనిన, అందు ఒకే డాక్‌ను కుడి యెడమలకు వంతులవారీగ వాడిరి. ఫిలిప్సువారి తొలి యంత్రములలో పదునాలుగు బిట్ల డాక్ మాత్రమే యుండెను. దాని కొరతను గణితముతో నేర్పుగ కప్పిపుచ్చిరి. ఆ దశాబ్దము గడవకముందే ఇంగ్లండులో వేరుగ కొని తగిలించుకొను డాక్ పెట్టెలు వెలువడెను. నాడు అవి ధనవంతులకే. నేడు సామాన్యమైనవి వేయి రూపాయలకు లోపుగనే దొరకుచున్నవి.

మేము నట్టిదే యొకటి తెప్పించి, కాంతితీగెతో కలిపితిమి. ఈ తీగెలో విద్యుత్తు ప్రవహింపదు, వెలుగు మాత్రమే పోవును. కావున ఒక పెట్టెలోని హోరు రెండవదానిలోనికి దాని వెంబడి ప్రాకదు. మూగవోయిన యెడమ ప్రక్క ఆ క్షణముననే పలికెను. పండితులుగారి కంఠము గది నడుమనుండి వినబడగా, తలుపుకడ నిలిచిన ఆయమ్మ, “అయ్యగారేనా?” యని లోనికి వచ్చి కూర్చుండినది.

ఇంతవరకు డాక్ పక్షమున పలికితిని. ఇక దాని వర్తకుల మాట. వెల పెరిగినకొలది స్వర్గము దిగివచ్చునని వారి ప్రకటనలు. దీనిని నేను నమ్మను. ఒక మిత్రునియొద్ద నున్న చక్కని యంత్రమును తెచ్చి, దాని లోపలి డాక్‌ను మా చిన్న డాక్‌ను మార్చి మార్చి, తెర చాటున పదవ తరగతి పిల్లలకు వినిపించితిమి. ఏది యేదో నిలుకడగ చెప్పగలిగినవా రొక్కరును లేరు. ఇట్టి పరీక్షలో రెండింటి ధ్వనిపరిమాణము సమానముగ నుంచుట ముఖ్యము; ఏ కొంచెము బిగ్గరగ నున్నను చెవి దానినే మెచ్చుకొనును. అంగడిలో జరుగు మాయ యిదే యని నా యనుమానము. పాత గ్రామఫోను పలకలనుండి ఎక్కించిన పాటలలోని చిటపట లెంత వెలగల డాక్ పెట్టినను పోవు. చేతిలో ధనమున్న యెడల మొదట స్పీకరులకు వ్యయపరచుట మేలు.

తల్లిదండ్రులు తమ ఇండ్లలోని యంత్రములనుగూర్చి అడుగుచున్నారు గనుక రెండు మాటలు. మొదట యంత్రము వెనుక ‘డిజిటల్ అవుట్’ అను అక్షరములున్నవో లేవో చూడుడు. తొలినాటి యంత్రములలో పెక్కింటికి ఆ ద్వారము లేదు. ఉన్నచో అది కాంతితీగెకా, రాగితీగెకా యని గమనించి, దానికి తగిన ద్వారము గల డాక్‌నే కొనుడు. కంప్యూటరునకు మాత్రమే పనికివచ్చు డాక్‌లు అంగళ్లలో విస్తారముగ నున్నవి. తెలియక కొని తెచ్చి మోసపోయితిమని యొకరు నాతో వాపోయిరి. డిస్కునే గుర్తింపక తిరిగి తిరిగి ఆగిపోవు యంత్రమైన యెడల లోపము చదువరిది. దానికి డాక్ మందు కాదు. అట్టిదానిని పారవేసిన నాకు విచారము లేదు.

2001 తరువాతి వార్షికోత్సవముల డిస్కులు కొందరి ఇండ్లలో నున్నవని విన్నాను. శనివారముల సాయంకాలము సంగీతపు గదికి తెచ్చినచో, అక్కడనే విని, ప్రతి తీసికొని, డిస్కును వెంటనే తిరిగి ఇచ్చెదము.