రక్తపరీక్షలో అంకె - మనిషి ఆయుష్షు

ప్రశ్న: మా వారికి న్యుమోనియా ముదిరి వెంటిలేటర్ పెట్టారు. రక్తంలో ‘ఇంటర్‌లూకిన్-6’ చాలా ఎక్కువగా ఉందని తెలిసి, ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపోదామని బంధువులు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయన కోలుకున్నారు. పక్క మంచం ఆయనకు అదే పరీక్షలో అంకె తక్కువే, కాని ఆయన దక్కలేదు. అయితే ఈ పరీక్షలు వట్టి బూటకమేనా?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: బూటకం కాదమ్మా. పరీక్ష చెప్పేది ఒకటి, మనం అర్థం చేసుకునేది మరొకటి.

మన ఊపిరితిత్తుల్లో కోట్లాది చిన్న గాలిగదులున్నాయి. వాటి గోడలు బహు పలచన. ఆ గోడల గుండానే ప్రాణవాయువు రక్తంలోకి చేరుతుంది. న్యుమోనియా వంటి జబ్బుతో గోడలు దెబ్బతింటే రక్తంలోని నీరు గదుల్లోకి ఊరుతుంది. ఇక ఎంత ఆక్సిజన్ పెట్టినా రక్తానికి సరిగా అందదు. 1967లో అమెరికాలోని డెన్వర్ డాక్టర్లు 12 మంది రోగులలో ఈ స్థితిని వర్ణించారు. దీన్ని ఎ.ఆర్.డి.ఎస్. అంటారు. ఇది తీవ్రంగా వచ్చినవారిలో నూటికి 45 మంది మరణించినట్లు 2012లో లెక్క తేలింది.

ఈ స్థితిలో కొన్ని పదార్థాలు రక్తంలో పెరుగుతాయి. శరీరంలో వాపు రేగితే ఇంటర్‌లూకిన్-6, ఇంటర్‌లూకిన్-8. రక్తనాళాల గోడలు దెబ్బతింటే యాంజియోపాయిటిన్-2. కణాలకు ప్రాణవాయువు చాలకపోతే లాక్టేట్. ఇవి ఎక్కువగా ఉన్నవారిలో మరణాలు ఎక్కువన్న మాట నిజమే. కాని అది వందలమందిని కలిపి తీసిన లెక్క. మబ్బు దట్టంగా పట్టితే వాన వచ్చే అవకాశం ఎక్కువే. అంతమాత్రాన మన పెరట్లో పడి తీరుతుందనగలమా? రోగి వయసు, మూత్రపిండాల స్థితి, జబ్బుకు మూలకారణం, ఇవన్నీ కలిసి ఫలితాన్ని తేలుస్తాయి. ఏ ఒక్క అంకెనో చూసి వైద్యం మానరాదు.

మరి ఈ పరీక్షలెందుకంటారా? ఇటువంటి రోగులలో రెండు రకాలున్నారనీ, వాపు ఉద్ధృతంగా ఉన్న రకంలో మరణాలు ఎక్కువనీ 2014లో పరిశోధకులు ఈ పరీక్షల సాయంతోనే గుర్తించారు. ఎవరికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే పరిశోధన సాగుతున్నది.

ప్రాణం నిలిపేది అంకె కాదు, వైద్యం. వెంటిలేటర్‌తో పెద్ద పెద్ద ఊపిరులకు బదులు చిన్న ఊపిరులు ఇస్తే మరణాలు నూటికి 40 నుంచి 31కి తగ్గినట్లు 2000లో రుజువైంది. తీవ్రంగా ఉన్నవారిని రోజూ 16 గంటలకు తగ్గకుండా బోర్లా పడుకోబెడితే నెల రోజులలోపు మరణాలు నూటికి 33 నుంచి 16కి తగ్గాయని 2013లో తేలింది.

2021లో కోవిడ్ రోజుల్లో రిపోర్టులు చేతబట్టుకుని మా వార్డు బయట ఏడ్చినవారిని ఎందరినో చూశాను. వారికి చెప్పిన మాటే మీకూ చెబుతున్నాను: “అంకె ఎంత?” అని అడగకండి. “నిన్నటికంటే ఆక్సిజన్ తక్కువ పడుతున్నదా? మూత్రం వస్తున్నదా? బి.పి. నిలుస్తున్నదా?” అని అడగండి. ఆశ లేని స్థితి వస్తే అన్నీ చూసి డాక్టరే మీతో చెబుతారు.

పక్క మంచం ఆయన ఇల్లాలు కనిపిస్తే, అంకె తక్కువగా ఉన్నా భర్త పోయాడంటే అది తన లోపం కాదని చెప్పండమ్మా.